శుక్రవారం విప్పే ముడి

నేను తాగలేదు, పేకాడలేదు, ఒకరి సొమ్ము ముట్టలేదు. కొన్నాను. ఎవరైనా నా మీద కేసు పెట్టాలనుకుంటే ఆ ఒక్క సెక్షన్ కిందే పెట్టాలి. పెడితే మాత్రం తప్పించుకోలేను, సాక్ష్యాలన్నీ మా ఇంటి అటక మీదే ఉన్నాయి. చప్పట్లు కొడితే వెలిగే దీపం ఉంది. దూరదర్శిని ఉంది, దాంతో చూడదగ్గ దూరం మా గల్లీలో లేదు. అంకెలు కలిపితే తెరుచుకునే సూట్‌కేసు ఉంది. ఆ అంకెలు మరిచిపోయి పాతికేళ్లయింది, లోపల ఏముందో దేవుడికే తెలియాలి.

మెదక్‌లో ఖిల్లా కింది గల్లీలో నాది మోటార్ వైండింగ్ పని. ముందర షాపు, వెనక ఇల్లు. కాలిపోయిన బోరు మోటారు విప్పి, మాడిన రాగితీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టి ఇవ్వాలి. చేగుంట, అల్లాదుర్గ్, ఎల్దుర్తి దిక్కు నుంచి రైతులు మోటార్లను బస్సు మీద వేసుకొని తెచ్చేవారు. వోల్టేజి సరిగ్గా ఉండేది కాదు. మోటారు దింపుతూనే ఒకటే మాట: "జర జెల్ది చెయ్యే, పొలం ఎండుతున్నది." కరెంటు ఎంత పాడుగా ఉంటే నాకంత పని.

ఆ పనిలో నన్ను మించినవాడు చుట్టుపక్కల లేడని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. తీగ చుట్టడానికి కూర్చుంటే పొద్దుగూకేదాకా తల ఎత్తేవాణ్ణి కాదు. చుట్ల లెక్క ఒక్కటి తప్పేది కాదు. అన్నానికి పిలిచినా వినపడదు, పక్కన పిడుగు పడ్డా వినపడదు. స్టూలు మీంచి లేచానో, ఆ మనిషి వేరు. తాళాలు ఎక్కడ పెట్టానో తెలియదు, చెప్పులు ఎవరింట్లో విడిచానో తెలియదు. పచ్చిమిర్చికి పంపిస్తే పావురాలు పట్టుకొని వచ్చాను. ఒకసారి కాదు, రెండుసార్లు.

అవి ఊళ్ల మీద కొత్త సామాన్లు వచ్చి పడుతున్న రోజులు. అంతకుముందు స్కూటర్‌కైనా ఫోన్‌కైనా పేరు రాయించుకొని ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. ఆ ఎదురుచూపే నన్ను కాపాడిందని అప్పుడు తెలియలేదు. దేశం తలుపులు తెరిచిందని పేపర్లు రాశాయి. నా జేబు కూడా అప్పుడే తెరుచుకుంది. ఒక వస్తువు కంటపడితే గుండె దడదడలాడేది, చెవులు వేడెక్కేవి, అది లేకుండా ఆ క్షణం దాటడం నా వల్ల అయ్యేది కాదు. ఇంటికి తెచ్చి డబ్బా విప్పగానే ఆ మంట చల్లారిపోయేది. వస్తువు మిగిలేది, నేను దాని వంక మళ్లీ చూసేవాణ్ణి కాదు.

నా భార్య బీడీలు చుట్టేది. కార్ఖానా వాళ్లు తునికాకు, పొగాకు తూకం వేసి ఇస్తారు. ఇంట్లో కూర్చొని చుట్టి, దారం కట్టి, తిరిగి లెక్క అప్పజెప్పాలి. పొగాకు తక్కువ పడితే కూలిలో కోత పడుతుంది. చీర మీద పొగాకు పడకుండా ఒళ్లో ఒక పాత గుడ్డ పరుచుకొని, దాని మీద చాట పెట్టుకొని, మెడ వంచి పొద్దంతా చుట్టేది. దానివల్ల ఆమెకు మెడనొప్పి, దగ్గు వచ్చాయి. వాటి గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. మాట్లాడింది మా బిడ్డ. దానికి మూడేళ్లుండగా ఒకరోజు అన్నం కలిపి నోట్లో పెట్టబోతే ముఖం తిప్పుకుంది.

"అమ్మ చెయ్యి చేదు" అంది.

సబ్బు పెట్టి కడిగినా, చింతపండుతో రుద్దినా పొగాకు చేదు వేళ్లను విడవదు. మరునాడే ఆమె ఒక చంచా కొనుక్కొచ్చింది. ఆ తర్వాత బిడ్డకు చంచాతోనే తినిపించింది. ఆ రాత్రో మరునాడో నాతో అంది: "ఒక గిర్ని పెట్టుకుందాం. ముందటి రూములనే. నిలబడి పని చేస్త. చేతులు పిండి వాసనొస్తయి."

పిండి గిర్ని. జొన్నలు, గోధుమలు, కారం పట్టే మిషను. ఊళ్లో గిర్నీల మోటార్లు చుట్టేది నేనే, మా ఇంటికొక గిర్ని ఎంత పని? ఆమె రెండేళ్లు కూడబెట్టింది. పైసలు గుడ్డలో కట్టి, నా లోపలి జేబులో పెట్టి, పిన్నీసు గుచ్చి, రాణీగంజ్‌లో మిషన్ల దుకాణానికి పొమ్మని పంపింది.

సికింద్రాబాద్‌లో బస్సు దిగి నడుస్తుంటే ఒక కొత్త షాపు ముందు మెడకు టై కట్టుకున్నవాడు తివాచీ మీద బూడిద చల్లుతున్నాడు. చల్లి, ఏనుగు తొండం లాంటి గొట్టం పెట్టి, మీట నొక్కాడు. బూడిద మాయం. మళ్లీ చల్లాడు, మళ్లీ మాయం. లోపలున్న మోటారు ఏ రకమో, ఎన్ని చుట్లో చూడాలని నాకు ప్రాణం కొట్టుకుపోయింది. పిన్నీసు ఎప్పుడు తీశానో నాకు తెలియదు. వ్యాక్యూమ్ క్లీనర్‌తో పాటు ఒక కార్డ్‌లెస్ ఫోను కూడా తీసుకున్నాను. మా ఇంటికి ఫోను లైను లేదు.

నర్సాపూర్ అడవి దాటేదాకా గిర్ని సంగతి యాదికి రాలేదు. ఇది చెప్తే ఎవరూ నమ్మరు. కావాలనే చేశాడంటారు. కావాలని చేసి ఉంటే బాగుండేది, కనీసం ఒక మనిషి చేసిన పనిలాగా ఉండేది. బస్సులో ఒళ్లో డబ్బా పెట్టుకొని ఉన్నవాణ్ణి ఉన్నట్టే బిగుసుకుపోయాను. దిగి పారిపోదామా అనిపించింది.

ఇంటికొచ్చి ఏం చెప్పాలో తోచక, చెప్పకుండా చూపించాను. ప్లగ్గు పెట్టి, గొట్టం పట్టుకొని, "చూడు, జర చూడు, దుమ్ము ఎట్ల గుంజుతదో" అంటూ ఇల్లంతా తిప్పాను. ఇల్లంతా అంటే రెండు గదులు. గొట్టం చాట దగ్గరికి పోయింది. అరక్షణం. ఆ రోజు తూకం వేయించుకొని తెచ్చిన పొగాకంతా తొండంలోకి పోయింది.

ఆమె ప్లగ్గు తీసింది. లోపలి సంచి విప్పి, పేపరు మీద గుమ్మరించి, జల్లెడ తెచ్చి, వెంట్రుకలూ దుమ్మూ ఏరి పొగాకు వేరు చేస్తూ కూర్చుంది. బిడ్డ పక్కన కూర్చొని తుమ్ముతోంది. ఏరుతూనే, తల ఎత్తకుండా నా భార్య అడిగింది.

"గిర్ని ఏడున్నది?"

నేను గొట్టం మడిచి డబ్బాలో పెట్టాను. ఆమె మళ్లీ అడగలేదు. ఆ తర్వాత పదిహేనేళ్లు గిర్ని మాట ఆమె నోట రాలేదు.

కార్ఖానాకు శుక్రవారం సెలవు. అందుకే మా ఇంట్లో బట్టలు ఉతికేది ఆ రోజే. ఆ శుక్రవారం బండ దగ్గర నా దస్తీ, అదే జేబురుమాలు, పిండుతూ నన్ను పిలిచింది.

"ఇగ చూడు. నీకేదన్న కొనబుద్ధయితే ఈ దస్తీకి ఒక ముడి ఏస్కో. శుక్రవారం ఉతికేటప్పుడు నేను ఇప్పుత. దేనికేసినవో చెప్పినవనుకో, కొనుక్కో. నేను అడ్డం రాను. చెప్పకపోతివా, లేదు."

"చెప్తే గప్పుడే పోయి కొనుక్కోవచ్చా?"

"శుక్రవారం లచ్చిమి, పైసలు ఇల్లు దాటద్దు. శనివారం ఇనుము కొనద్దు. ఐతారం పో."

ఈ పట్టింపులు మా వాడకట్టులో అందరికీ ఉన్నవే. అందరూ వాటిని దేవుడి కోసం పాటిస్తారు. ఆమె నా కోసం వాడుకుంది. నేను కొనేవాటిలో ఎక్కడో ఒక మూల ఇనుము ఉండనే ఉంటుంది.

మొదటి శుక్రవారం దస్తీకి ఐదు ముళ్లున్నాయి. నాలుగు మూలలకు నాలుగు, నడిమిట్ల ఒకటి. ఆమె ఒక్కోటి విప్పి "ఇది?" అని అడుగుతుంటే నేను నీళ్లు నమిలాను. ఒక్కటీ యాదికి లేదు. వేసేటప్పుడు అది లేకపోతే చచ్చిపోతానన్నంత ఆరాటపడ్డాను, నాలుగు రోజులకు దాని ముఖం కూడా గుర్తు లేదు. రెండో వారం తెలివిచేసి ఒక చీటీ రాసుకొని చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఉతకబోతూ పట్టుకుంది.

"రాసుకునుడు లేదు. రాస్తే కాగితానికి యాదికున్నట్టు, నీకు కాదు."

కోపం రాలేదా అంటే వచ్చింది. సంపాదించేవాణ్ణి, చిన్నపిల్లాడిలా దస్తీ చూపించి పర్మిషన్ అడగడమేంది అని రెండు మూడుసార్లు దాన్ని ఆమె ముందే విసిరికొట్టాను. ఆమె దాన్నీ ఉతికి ఆరేసింది. షాపుకు వచ్చిన రైతులు ముళ్లు చూసి నవ్వేవారు. "ఏందే, గిన్ని ముళ్లేసుకున్నవ్, దయ్యం పట్టిందా?" అని ఒకాయన. పట్టిందన్నాను.

ముడి తప్పి కొన్నవీ ఉన్నాయి, అబద్ధమెందుకు. కానీ తగ్గాయి. ఒకే ఒక్కసారి, ఆమె దస్తీ చేతిలోకి తీసుకోకముందే "తీగ మందం కొలిచే మైక్రోమీటరు" అని చెప్పేశాను. ఐతారం పోయి కొనుక్కున్నాను. అది ఇప్పటికీ వాడుతున్నాను. కొనకుండా మిగిలిన పైసలు ఆమె పోస్టాఫీసులో వేస్తూ పోయింది. దేనికని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇంట్లో సామాను తగ్గింది. రెండు గదులలో నడవడానికి చోటు దొరికింది.

నాకున్నదానికి ఒక పేరుందని మాత్రం చాలా తర్వాత, రాష్ట్రం వచ్చాక తెలిసింది. నర్సు పని నేర్చుకున్న బిడ్డే పట్టుబట్టి హైదరాబాద్‌లో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోయింది. ఏడీహెచ్‌డీ అన్నాడాయన. పిల్లలకే కాదు, పెద్దలకూ ఉంటుంది, కొందరు పుట్టుకతోనే ఇట్లా ఉంటారు అని చెప్పాడు. నా భార్య మొత్తం విని, "గింతేనా సారు? నేనింకా మొండితనమనుకొని ఇన్నేండ్లు తిట్టిన" అంది. దస్తీ సంగతి విని ఆయన పెన్ను కింద పెట్టాడు. ఈ పద్ధతి ఎవరు చెప్పారమ్మా అని అడిగాడు.

"ఎవరు చెప్తరు సారు. యేగలేక ఏసిన."

ఇక అసలు సంగతి ఆ డాక్టరు కన్నా ముందు, రాష్ట్రం కోసం లొల్లి జోరుగా ఉన్న రోజుల్లో జరిగింది. ర్యాలీలు, బందులు, రోడ్డు మీదే వంటలు. నేనూ పోయాను. జెండా పట్టుకొని పోయి, దాన్ని ఎక్కడో మరిచి, గొడుగుతో తిరిగొచ్చిన రోజు కూడా ఉంది. బందు రోజు మాత్రం ఊళ్లో నా అంత నిశ్చింతగా ఉన్నవాడు లేడు. షట్టర్లన్నీ దించి ఉంటే కోరిక ఎక్కడ పుడుతుంది?

ఆ డిసెంబరులో రాష్ట్రం ఇస్తామని ఢిల్లీ నుంచి ఒక మాట వచ్చింది. మిఠాయిలు పంచుకున్నాం. ఆ సంతోషంలోనే ఒక సోమవారం, కరెంటు లేక పని ఆగి, ఇంట్లోకి వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఆమె ఆకు కత్తిరిస్తోంది. ఆమె ఒళ్లో గుడ్డకు ఒక మూల ముడి కనిపించింది. బిగుసుకుపోయిన ముడి, రాయి లాగా ఉంది.

"గీ ముడి ఎప్పటిది?" అన్నాను.

"ఈ గుడ్డది గీ ఏడాదిదే. పాతది చినిగితే మళ్ల కొత్తదానికి ఏస్త."

"ఎన్ని గుడ్డలైనయి?"

"ఏమో. శానయినయి."

"దేనికి?"

కత్తెర ఆగలేదు. "యాదికి లేదు" అంది.

పదిహేనేళ్లు నా ముళ్లన్నీ విప్పిన మనిషి. బిడ్డకు ఏ నెలలో ఏ పన్ను వచ్చిందో చెప్పగల మనిషి. యాదికి లేదట. నాకు మాత్రం చప్పున వెలిగింది, నోరు తెరిచాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"గిప్పుడు కాదు. శుక్రవారం. నీకొక రూలు, నాకొక రూలా?"

నాలుగు రోజులు. రాసుకోవడానికి లేదు. నా జీవితంలో నేను అంతగా భయపడింది లేదు. మోటారు ముందు కూర్చొని తీగ చుడుతూ లోపల గిర్ని, గిర్ని అని అనుకుంటూ ఉన్నాను. నలభై రెండు గిర్ని, నలభై మూడు గిర్ని. నలభై మూడో, యాభై మూడో తెలియలేదు. ముప్పై ఏళ్ల పనిలో మొదటిసారి లెక్క తప్పింది. చుట్టిందంతా విప్పి మళ్లీ మొదలుపెట్టాను. ఆ మోటారు కోసం కూర్చున్న ఎల్దుర్తి రైతు నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏమైందే నీకియ్యాల?"

"ఏంలే. యాది చేసుకుంటున్న" అన్నాను.

బుధవారం ఢిల్లీ మాట మార్చింది. ఊరంతా భగ్గుమంది. గురువారం బందు. పని లేదు, షట్టరు దించి ఉంది. కాలు నిలవక చర్చి దిక్కు నడిచాను. మరునాడే క్రిస్మస్, శుక్రవారమే పడింది. బందైనా చర్చి బయట దుకాణాలు సగం వరకు వెలిశాయి. ఒకడి చేతిలో చిన్న హెలికాప్టరు నిజంగానే పైకి లేచి, గాలిలో నిలబడి, తిరిగి వాడి అరచేతిలో దిగింది. ఎంతసేపు చూశానో తెలియదు. చేతులు వాటంతటవే దస్తీకి ముడి వేశాయి. కొనలేదు, దానికి సంతోషపడుతూ ఇంటి మలుపు దాకా వచ్చాను. అక్కడ ఆగిపోయాను.

ఏదో యాది పెట్టుకోవాలి. ఏంది?

లోపల ఏమీ లేదు. తుడిచినట్టుంది. శుక్రవారం, ఆమె గుడ్డ, ముడి, అన్నీ ఉన్నాయి, ఆ ఒక్క మాట లేదు. కుట్టుమిషనా? కుక్కరా? బంగారమా? మలుపులో ఉన్న ఒక బండ మీద కూర్చొని తల పట్టుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. ఒక్క ముక్క, మూడక్షరాలు కూడా లేని ముక్క, నాలుగు రోజులు మోయలేనివాడు ఏం మనిషి?

ఇంట్లోకి పోయాను. నా ముఖం చూసి ఆమె మంచినీళ్ల గ్లాసు తెచ్చి చేతిలో పెట్టి, మళ్లీ చాట ముందు కూర్చుంది. తాగాను. గ్లాసు అంచు పెదవికి చేదుగా తగిలింది.

గిర్ని.

ఇన్నేళ్లూ అదే చేత్తో ఇచ్చిన నీళ్లు తాగాను, అదే చేత్తో వడ్డించిన అన్నం తిన్నాను. మూడేళ్ల పిల్లకు తెలిసిన చేదు నాకు ఒక్కనాడు తెలియలేదు. సిగ్గుతో గ్లాసు కింద పెట్టలేకపోయాను. ఆ రోజు మళ్లీ గడప దాటలేదు.

శుక్రవారం బండ దగ్గర ముందుగా నా దస్తీ తీసింది. ముడి విప్పి, "ఇది?" అంది.

"యాదికి లేదు." నిజంగానే లేదు. హెలికాప్టరు సంగతి తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

దస్తీ జాడించి పక్కన పెట్టి, తన ఒడిగుడ్డ తీసింది. ముడి వేళ్లకు రాలేదు. గోళ్లతో గిల్లింది, రాలేదు. చివరికి పళ్లతో పట్టి గుంజితే వదులైంది. గుడ్డ వంకే చూస్తూ అడిగింది.

"ఇది?"

"గిర్ని" అన్నాను.

ఆమె చేతులు ఆగాయి. చర్చి దిక్కు నుంచి గంటలు వినిపిస్తున్నాయి.

"ఇంకోపాలి చెప్పు" అంది.

"గిర్ని."

ముఖం మీద పడిన నీళ్లు మోచేత్తో తుడుచుకుంది. గుడ్డను రెండుసార్లు జాడించి, గట్టిగా పిండి, తీగ మీద ఆరేసింది.

"ఐతారం పోదాం" అంది. "ఈసారి నేను గూడ వస్త."